అల్లుడి బంటు

దుకాణానికి తాళం వేసి చదరంగం టోర్నమెంటుకు వచ్చిన దర్జీకి, రెండో ఆటలో ఎదురుగా వచ్చి కూర్చున్నది సాక్షాత్తూ అక్క మొగుడే. ఇద్దరికీ మాటల్లేక ఏళ్ళు గడిచాయి. ఎందుకో చెబితే నవ్వుతారు. ఒకనాడు ఇంట్లో ఆడుతూ దర్జీ వంకరగా ఉన్న గుర్రాన్ని సరిచేస్తే, "ముట్టుకున్నావు, జరపాల్సిందే" అని బావ పట్టుబట్టాడు. అంతటితో ఆగక నలుగురిలో "తొండిగాడు" అన్నాడు. గోటితో పోయేదాన్ని ఇద్దరూ గొడ్డలిదాకా తెచ్చుకున్నారు.

తెల్లపావులు బావవి. రాజు ముందున్న బంటును జరిపాడు. దర్జీ తన బంటును దానికి అడ్డంగా నిలిపాడు. వెంటనే బావ పక్క బంటును కూడా తెచ్చి, ఊరికే చంపుకోమన్నట్టు ఎదురుగా పెట్టాడు. దర్జీకి అది బాగా తెలిసిన ఎత్తే. ఆట నేర్పే రోజుల్లో బావ దానికి అల్లుడి బంటు అని పేరు పెట్టాడు.

"అడక్కుండా వడ్డించేదిరా ఇది. మొహమాటపడకుండా తినెయ్యాలి" అనేవాడు. దర్జీ ఎప్పుడూ తినేవాడు. తర్వాత ఎవరు ఓడినా ఇద్దరూ పగలబడి నవ్వుకునేవారు.

ఈసారి తినలేదు. నన్నింకా పిల్లాణ్ణనుకుంటున్నాడా అని ఉడుక్కుని, మరో బంటు జరిపాడు. బావ ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ బోర్డు మీదికి వంగాడు.

చాలాసేపు బావదే పైచేయి. అంతలో అతను గీత మీదికి ఒరిగిన తన గుర్రాన్ని వేలితో గడి మధ్యకు నెట్టాడు. పావును సరిచేసే ముందు 'సర్దుతున్నా' అనాలి. అనలేదు. ఆ గుర్రం కదిలితే వెనకున్న మంత్రి పోతుంది.

దర్జీ చెయ్యెత్తి అంపైర్‌ని పిలిచాడు. "ముట్టుకున్నారండీ. జరపాల్సిందే."

బావ వాదించలేదు. గుర్రాన్ని జరిపాడు, మంత్రిని పోగొట్టుకున్నాడు, ఓటమి ఒప్పుకుని చెయ్యి చాచాడు.

"నువ్వు పేరిచ్చావని మీ అక్క చెప్పిందిరా. నీతో ఆట పడుతుందేమోనని నేనూ ఇచ్చా" అన్నాడు లేస్తూ. "బంటు తింటావనుకున్నా."

దర్జీ తేరుకునేసరికి బావ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గెలిచినందుకు సిగ్గేసింది. ఒక్క బంటు తింటే నా సొమ్మేం పోయేది అని ఏడుపొచ్చింది.

పావులు తిరిగి పేర్చాలి. బావ గుర్రాన్ని తీసి దాని గడిలో నిలబెడుతూ, "సర్దుకుందాం బావా" అన్నాడు, పైకే.

పక్క బల్ల దగ్గరి ఆటగాడు విసుగ్గా తలతిప్పి, "మాట్లాడకండి" అన్నాడు.