చెల్లెలి వరస

దువ్వెన ఏ జిప్పులో పెట్టానో, అసలు ఈ బ్యాగుకి ఇన్ని జిప్పులెందుకు, మా అమ్మాయి బిందుప్రియ కాలేజీ రోజుల్లో దీన్ని ఒంటి భుజాన తగిలించుకుని చెంగున బస్సెక్కేది, నేను రెండు భుజాలకీ వేసుకుని పూరీ, కటక్, కలకత్తా తిరిగి ఈ టాటానగర్‌కి చేరేసరికి భుజాల మీద రెండు ఎర్రటి వాతలు తేలాయి, జాకెట్టు తగిలితే చుర్రుమంటోంది, సరే పోనీ, దొరక్కపోతే దొరకలేదు, ముడేసుకుంటే చాలు, వడియాలు పెట్టడానికి దువ్వుకోవాలా ఏమిటి అనుకున్నాను, అనుకోగానే నవ్వొచ్చింది, సువర్ణరేఖ నది ఒడ్డున కూర్చుంటాను, సాక్చీ బజారంతా ఊరికే తిరుగుతాను, ఒక్క రోజు ఎవరితోనూ మాట్లాడకుండా గడుపుతాను అని వచ్చినదాన్ని, బర్మామైన్స్ అనే పేటలో ఎవరిదో డాబా ఎక్కి, తడిపి పరిచిన పాత చీర ముందు గొంతుక్కూర్చుని, గిన్నెలో సగ్గుబియ్యం గంజి పెట్టుకుని, చెంచాతో ఒక్కొక్క బొట్టే పెడుతున్నాను, ఒకదానికొకటి అంటుకోకుండా, మరీ ఎడం లేకుండా, ఎండ ఇంకా ఎక్కనేలేదు, అప్పుడే మెడంతా చెమట, కింద యార్డులో గూడ్సు పెట్టెలు గుద్దుకుంటున్నాయి, రాత్రంతా అదే చప్పుడు, కళ్ళు మూతపడే సమయానికి ధన్‌మని ఒకటి, మళ్ళీ మూతపడితే మళ్ళీ ఒకటి, ఆఖరికి నిజంగా నిద్ర పట్టేసరికి గుమ్మంలోంచి గొంతు, చెల్లీ, లేచావేటి, గంజి కలియబెట్టాల, నా బుజం లేవట్లేదు, ఒక సెయ్యి ఎయ్యమ్మా.

చెల్లీ అట, నిన్న పొద్దుగూకే వరకు ఈ భద్రమ్మ ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆవిడకి తెలియదు, అంతకు ముందంతా లాడ్జి మెట్లు ఎక్కడం, దిగడం, ఎక్కిన ప్రతిచోటా కౌంటర్లో కూర్చున్న మనిషి నా వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెట్ల వైపు చూడడం, అకేలీ హై క్యా అని అడగడం, అవును బాబూ ఒక్కదాన్నే అంటే, అకేలీ లేడీజ్ కో కమ్రా నహీ దేతే, ఒంటరి ఆడవాళ్ళకి గది ఇవ్వం అని మళ్ళీ ఫోన్లోకి తల దించేయడం, సగం జుట్టు తెల్లబడి మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగే మనిషిని చూసి వీళ్ళకి ఏం భయమో, నేనేం చేస్తాననో, ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది, స్టేషను బయట టీ కొట్టు దగ్గర బ్యాగు మీద కూలబడ్డాను, సరిగ్గా అప్పుడే మా ఆయన వెంకటరావు ఫోను, ఆయనకి సమాధానాలు చెప్పి పెట్టేసేసరికి పక్క బల్ల మీద టీ తాగుతున్న పెద్దాయన, ఏటమ్మా తెలుగోలా, ఏ ఊరు అన్నాడు, పలాస అన్నాను, ఆయన వరహాలు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడట, ఒక్క రాత్రికి చోటుంటే చెప్పండి, ఎంతైనా ఇచ్చుకుంటాను అంటే, ముందు నడువమ్మా, మా ఇంటిదుంది, మనవరాలుంది, భయమేటి అని బ్యాగందుకోబోయాడు, నేనివ్వలేదు, ఇరుకు సందుల్లోంచి ఆయన వెనకాలే వచ్చాను, గుమ్మంలో భద్రమ్మ మంచినీళ్ళ గ్లాసు చేతికైతే ఇచ్చింది గానీ తాగనివ్వలేదు, ఏ ఊరు, ఎవరింటి ఆడపడుచువి, ఎవరింటి కోడలివి, పొట్నూరోలా, ఏ పొట్నూరోలు, మందసా ఓలా, ఓలమ్మా, మా మేనత్తనిచ్చింది మందసా పొట్నూరోలకే, అయితే మీ ఆయన నాకు బావౌతాడు, నువ్వు చెల్లివౌతావు, నీళ్ళు గొంతు దిగేలోపు నాకు అక్క తయారైంది.

సంతోషం వేయలేదని కాదు, వేసింది, ఊరు కాని ఊళ్ళో మనదన్న మాట చెవిన పడితే ఒళ్ళు ఎంత తేలికవుతుందో పడినవాళ్ళకే తెలుస్తుంది, వేడి వేడి అన్నంలో పప్పు, నెయ్యి, వరహాలుగారు బజారుకు పరిగెత్తి తెచ్చిన పెరుగు, కడుపు నిండా తిన్నాను, తిని పర్సు తీసి, రాత్రికి ఎంతివ్వమంటారు అన్నాను, అక్క మొహం మాడిపోయింది, చెల్లి దగ్గిర డబ్బులేటే, సిగ్గనేది ఉండాల నాకు అంది, పర్సు లోపల పెట్టేశాను, అక్కడే చేశాను తప్పు, పుచ్చుకునేదాకా వదలకుండా ఉండాల్సింది, డబ్బులిచ్చిన మనిషినైతే తలుపేసుకుని మిట్టమధ్యాహ్నం దాకా పడుకున్నా ఎవరూ లేపేవాళ్ళు కాదు, టీ కావాలా అని అడిగి వెళ్ళేవాళ్ళు, ఎవరికీ ఏమీ కానప్పుడు పడుకోవడానికి చోటు దొరకలేదు, చోటు దొరికాక పడుకోనివ్వడం లేదు, ఈ గంజి చూడు, నిమిషం ఆలస్యమైతే గట్టిపడిపోతుంది, ఎంత పెట్టినా గిన్నెలో తరగదు, నడుము నాది కాదన్నట్టుంది, కాకి ఒకటి నీళ్ళ ట్యాంకు మీద వాలి నా వంకే చూస్తోంది, పో అని చెయ్యి విదిలించే ఓపిక కూడా లేదు.

మళ్ళీ ఫోను, జాకెట్లోంచి తీసి చెవికీ భుజానికీ మధ్య ఇరికించాను, చేతులు రెండూ జిగురు, ఆయనే, లేచావా, టికెట్ పంపాను చూశావా, సాయంత్రం బండి, పడుకునే బెర్తే దొరికింది అంటున్నారు మెచ్చుకోమన్నట్టు, మా ఆడపడుచు కస్తూరమ్మ వదినకి మోకాలి ఆపరేషను, నిన్న టీ కొట్టు దగ్గరా ఇదే చెప్పారు, డాక్టరు తేదీ ఇచ్చేశాడు, తరవాత నెలన్నరో రెండు నెలలో మనిషి దగ్గరుండి చూసుకోవాలట, నువ్వైతే అలవాటున్నదానివి కదా, అక్క కూడా అదే అంటోంది, ఇంద్రాణి ఉంటే నాకు బెంగలేదని, నేను ఊఁ అన్నానో లేదో నాకే తెలియదు, సాయంత్రం మాట్లాడతాను అని పెట్టేశాను, అలవాటున్నదాన్ని, నిజమే, మా అత్తగారు మంచం పట్టి లేవలేకపోయిన ఏళ్ళన్నీ అటు తిప్పడం, ఇటు తిప్పడం, పుండ్లు పడకుండా పౌడరు, దుప్పట్లు ఉతకడం, రాత్రి మూలిగితే లేవడం, ఆవిడ పోయింది కిందటి వానల్లో, పెద్దకర్మ నాడు ఊరంతా నాతో ఇక నీకు విశ్రాంతమ్మా అన్నారు, ఎలా తీసుకుంటారో తెలియలేదు, కూర్చుంటే తోచేది కాదు, పడుకుంటే ఉలిక్కిపడి లేచేదాన్ని, అందుకే కుట్టుమిషను మీద దాచుకున్నది తీసి, నెల రోజులు తిరిగొస్తానండీ అన్నాను, ఆయన పేపరు దించి, ఒక్కదానివా, నాలుగు రోజుల్లో ఒళ్ళు నొప్పులని వచ్చేస్తావులే అన్నారు, ఒళ్ళు నొప్పులు వచ్చాయి, నేనే వెళ్ళలేదు, స్లీపరు పెట్టెల్లో, ధర్మశాలల్లో, మరమరాలు తింటూ, సగం నెల గడిపాను, నిన్న పొద్దున బ్యాగు మోసుకుంటూ భుయ్యాడీహ్ వైపు నడిచి సువర్ణరేఖ చూశాను కూడా, చూశానంటే చూశాను, ఎండకి సగం ఎండిన నది, బట్టలుతికేవాళ్ళు, అవతలి ఒడ్డున గేదెలు, కూర్చుందామంటే గది దొరకదేమోనన్న బెంగ తరిమింది, మళ్ళీ ఇవాళ వెళ్ళి నింపాదిగా కూర్చోవాలనుకున్నాను, ఆ తరవాత రాంచీ, అక్కడ జలపాతాలున్నాయట, సాయంత్రం బండెక్కితే అదంతా అయిపోయినట్టే, ఇంకోసారి ఇల్లు కదలగలనా, కదలనిస్తారా, నాకు తెలుసు, ఇవాళ వెళితే ఇక కదలను.

భద్రమ్మ అక్క భుజానికి తువ్వాలు కట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది, బావేనా ఫోను, ఏటంటన్నాడు అంది, చెప్పకుండా ఉండాల్సింది, చెప్పాను, ఆవిడ ఉన్నపళాన పిట్టగోడ నీడకి చేరగిలబడి లెక్క మొదలెట్టింది, మీ ఆడపడుచంటే నాకు వదినౌద్ది, వదినకి ఆపరేసనంటే నానూ ఎల్లాల మరి, ఈ బుజంతో ఎలాగెల్తాను, నా వంతు కూడా నువ్వే సేసెయ్యే చెల్లీ, ఆడపడుచు నోరిడిసి రమ్మంటే ఎల్లకపోతే నలుగురూ ఏటంటారు, అంటూ వేలి కణుపులు లెక్కపెట్టుకుంటూ ఇంకెవరెవరు ఎవరికేమవుతారో ఇచ్ఛాపురం దాకా వెళ్ళిపోయింది, పాపం మంచి మనిషి, కల్మషం లేదు, అదే నా ప్రాణానికి వచ్చింది, చెడ్డదైతే లేచి పోయేదాన్ని, ఇంతలో మనవరాలు గీతాంజలి తల ఆరబెట్టుకోవడానికి పైకి వచ్చింది, గీతా, పిల్లా, మీ చిన్నమ్మమ్మకి టీ అట్టుకురా అంటే, నానీ ముఝే లేట్ హో రహా హై, లేటైపోతోంది అంటూనే ఆ పిల్ల నా చేతుల వంకా, చీరంతా పరుచుకున్న వడియాల వంకా చూసి ఫక్కున నవ్వింది, ఆంటీ, ఆప్ ఘూమ్నే ఆయీ హై యా కామ్ కర్నే అంది, తిరగడానికొచ్చారా, పని చేయడానికొచ్చారా అని, సరదాకే అంది, జుట్టు విదిలించుకుని దిగిపోయింది కూడా, నా చెంచా మాత్రం గిన్నెకీ చీరకీ మధ్య ఆగిపోయింది, గంజి బొట్టు నా కాలి మీద పడింది, వేడిగా లేదు, అయినా తుడుచుకోలేదు.

అక్క గొంతు నడుస్తూనే ఉంది, మా మేనత్త పెద్దకొడుకు మీ ఆయనకి పెదనాన్న కొడుకు గావాల, అంటే సొంతం కాదు, దాయాదే, సొంతమంటే ఒక కడుపున పుట్టినోలే కదా, మిగతావోలు ఎంత సేసినా తరవాతే, ఆవిడ తన ధోరణిలో ఏదో అంది, నేను నా ధోరణిలో విన్నాను, ఒక కడుపున పుట్టినవాళ్ళు, కస్తూరమ్మ వదినకి ఎవరు, నేనా, నేను మందసా వాళ్ళ కోడల్ని, ఆవిడ నాకు ఆయన వల్ల వదిన, ఆయనకి అక్క, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళిన అక్క, పోయినావిడ ఆయనకి అమ్మ, ఇన్నేళ్ళూ లెక్క ఇంత సులువుగా ఉంటే నేనెందుకు వేసుకోలేదు, అలసిపోయి వేసుకోలేదేమో, ఆయన రిటైరై ఇంట్లో కూర్చుని పొద్దున పేపరు, సాయంత్రం టీవీ, ఆయనకి కాళ్ళున్నాయి, చేతులున్నాయి, నాకంటే ఆరోగ్యంగా ఉన్నారు, గిన్నె పక్కకి జరిపి, చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని నేనే ఫోను చేశాను, ఎత్తగానే, ఆఁ, స్టేషనుకి కాస్త ముందే చేరుకో, నీకసలే కంగారెక్కువ అన్నారు, ఏమండీ, కస్తూరమ్మ వదిన మీకు అక్క కదా అన్నాను, అవును, అదే కదా చెప్తున్నాను అన్నారు, అయితే మీరు చూసుకోండి, నేను రావడం లేదు, స్నానానికీ గుడ్డలకీ ఆయాని పెట్టుకోండి, నడిపించడం, తినిపించడం, మందులు, రాత్రి లేవడం మీరు చేయండి, ఆ మాటలు నా నోట్లోంచే వచ్చాయి, అవతల టీవీ చప్పుడు, ఎవరో వార్తలు చదువుతున్నారు, ఆయన కోపంగా కాదు, నిజంగా బెదిరిపోయి, నాకేం తెలుసు ఇంద్రాణీ, నీకంటే అలవాటు అన్నారు.

అలవాటు, మా అత్తగారు పడిపోయి ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు రాత్రి మొదటిసారి ఆవిడ పాడుచేసిన పక్క తీసినప్పుడు నేను పెరటి గోడ వెనక్కి పరిగెత్తి వాంతి చేసుకున్నాను, గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను, నా వల్ల కాదని అమ్మకి చెప్పుకోవడానికి అమ్మ లేదు, ఆయన వీధిలోకి వెళ్ళి చాలాసేపటికి తిరిగొచ్చి గుమ్మం బయటే నిలబడి, అయిపోయిందా అని అడిగారు, అయిపోయిందన్నాను, మర్నాడూ అంతే, ఆ మర్నాడూ, ఎప్పుడో ఒక రోజు వాంతి రావడం మానేసింది, అదే అలవాటంటే, నాకూ తెలియదండీ, చేస్తే వచ్చింది, మీకూ వస్తుంది అని ఆయనతో చెప్పి ఫోను పెట్టేశాను, భద్రమ్మ అక్క కణుపు మీద వేలు అలాగే ఉంచుకుని నన్ను చూస్తోంది, అక్కా, నేను కాసేపు పడుకుంటాను అన్నాను, గంజి గట్టిపడిపోద్దే చెల్లీ అంది నెమ్మదిగా, పడనీ అక్కా అన్నాను, ఆవిడ నన్ను ఇంకాసేపు చూసి, లేచి, నొప్పి లేని చేత్తో చెంచా అందుకుంది, నేను ట్యాంకు నీడలో వట్టి గచ్చు మీద ఒరిగాను, కాళ్ళు లాగుతున్నాయి, భుజాలు మండుతున్నాయి, ఇవి రేపటికో ఎల్లుండికో తగ్గే నొప్పులు, ఇవి కాదు నన్ను ఇన్నాళ్ళూ ఇంత అలసిపోయేలా చేసింది, అందరూ నాకు అలవాటన్నారు, నేనూ నమ్మి, ఈ పని నా చేతులతో పాటే పుట్టిందనుకున్నాను, నాతో ఏదీ పుట్టలేదు, ఆ రాత్రి ఆ గదిలోకి ఇంకెవరూ రాలేదు కాబట్టి నేను వెళ్ళాను, అంతే.