తొమ్మిది మార్కుల టెర్మినల్

ఆకాశంలో ఏమీ ఎగరని రోజున ఆయనంత మంచి మొగుడు లేడని ఆవిడ పక్కింటివాళ్ళ దగ్గర ఎప్పుడూ అంటూ ఉండేది. పెళ్ళి ఫోటోల్లో ఒక్కదానిలోనైనా పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వైపు చూస్తూ కనిపించడు. తల వెనక్కి వాల్చి పైకి చూస్తుంటాడు. పిల్లవాడికి మొహమాటం కాబోలని ఆవిడ తరఫువాళ్ళు ముచ్చటపడ్డారు. రోజూ అటుగా పోయే విమానం ఆ పూట పావుగంట ముందొచ్చిందని, దాని సంగతేమిటో కనుక్కునేదాకా ఆయనకి మనసు నిలవలేదని తర్వాత తెలిసింది.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో పైపుల నక్షాలు గీస్తాడు. పని భూమికి ఆరడుగుల లోతున, మనసు ముప్పై వేల అడుగుల ఎత్తున. ఇల్లూ ఇల్లాలూ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటారు. వంటింటి గోడ ఏ రంగో అడిగితే తడుముకుంటాడు గానీ, ఏ కంపెనీకి ఎన్ని విమానాలు, వాటి సగటు వయసెంత, ఏవి సొంతం, ఏవి అద్దెవి అని అడిగితే, సంబంధాలు కుదిర్చే పెద్దమనిషిలా వంశాలతో సహా ఏకరువు పెడతాడు. వీధిలో ఆయన్ని 'కంట్రోల్ టవర్' అంటారు. మొహం మీద అన్నా కోపం రాదు. ఇంకాస్త నిటారుగా నడుస్తాడు.

ఇంతా చేసి జీవితంలో ఆయన విమానం ఎక్కింది పంతొమ్మిది సార్లు. ఆ పంతొమ్మిదీ ఒక నల్ల అట్ట పుస్తకంలో మార్కులతో సహా ఉన్నాయి. కిటికీ శుభ్రానికి ఇన్ని, సీటుకి ఇన్ని, నేల మీద దిగిన తీరుకి ఇన్ని. టెర్మినళ్ళకి వేరే పేజీలు. ఒక టెర్మినల్‌లో కుర్చీకీ కుర్చీకీ మధ్య ఇనప అడ్డాలు పెట్టారని రెండు మార్కులు కోసి, 'మనిషిని నడుం వాల్చనివ్వని చోట ప్రయాణికుడికి గౌరవం లేనట్టే' అని కింద రాశాడు. ఇంట్లో ఆవిడ నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో రాసుకునే పుస్తకమేదీ ఆ ఇంట్లో లేదు.

ఆయనకి గిట్టనిది ప్రొపెల్లర్ విమానం. దాని పేరెత్తితే పెదవి విరిచేవాడు.

"అది విమానం కాదోయ్. రెక్కలు తగిలించిన మిక్సీ."

"మిక్సీ అయితే నాకు అలవాటేలెండి," అనేది ఆవిడ.

ఇదంతా నవ్వుకునే వ్యవహారంగానే గడిచింది, అక్కకి జబ్బు చేసేదాకా.

ఆవిడ అక్క ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండులో అనౌన్సరుగా పనిచేసింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో తన ఊరికి చెప్పిన గొంతు అక్కది. ఇంటికొచ్చినా ఆ గొంతు తగ్గేది కాదు. చెల్లెల్ని అన్నానికి పిలిచినా రెండు సార్లు, ఒకే రాగంలో పిలిచేది. ఆ గొంతులోనే పుండు పుట్టింది. స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు. మనిషి దక్కుతుంది, మాట దక్కదు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఆపరేషన్.

వారం ముందు అక్క ఫోను చేసింది. అప్పటికే గొంతు బొంగురుపోయింది.

"నువ్వు ముందే రావే. నీకో మాట చెప్పాలి."

"ఇప్పుడు చెప్పొచ్చుగా."

"ఫోనులో చెప్పేది కాదు. మైకులో ఊరందరికీ చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఇది నీ ఎదురుగా కూర్చుని, మెల్లిగా చెప్పాలి. నాకు మెల్లిగా మాట్లాడ్డం వచ్చో రాదో కూడా చూసుకోవాలి."

"అంత ఊరించకే అక్కా."

"ఊరించనీ. తర్వాత నా మాట కోసం ఎదురుచూసేవాళ్ళెవరూ ఉండరుగా."

వాళ్ళ ఊరి నుంచి అక్కవాళ్ళ ఊరికి నేరుగా ఒకటే విమానం ఉంది. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి పది కాకుండానే దింపుతుంది. కాకపోతే అది మిక్సీ.

"ఆ కంపెనీకి ఉన్నవే ఏడు విమానాలు," అన్నాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. "సగటు వయసు పద్దెనిమిదేళ్ళు. ఏడింట్లో రెండు ఎప్పుడూ షెడ్డులోనే ఉంటాయి."

"మనకి కావలసింది ఒకటేగా. వయసుతో పనేముంది, దాన్నేమన్నా ఇంటికి తెచ్చుకుంటున్నామా?"

"నీకు తెలీదులే. పెద్ద ఊరి మీదుగా వెళ్దాం. అక్కణ్ణించి కొత్త జెట్ ఉంది, వచ్చి ఆర్నెల్లు కాలేదు. పన్నెండున్నరకి దిగుతాం. మూడింటికి కదా ఆపరేషను, బోలెడు టైము. పైగా కొత్త టెర్మినల్."

ఆ 'పైగా' దగ్గరే ఆవిడ గట్టిగా పట్టుకోవలసింది. కానీ వంటింట్లో ఆయన వేలు పెట్టడు, విమానాల్లో ఆవిడ వేలు పెట్టదు. కాపురం అంతకాలం సాఫీగా నడిచింది ఆ ఒప్పందం మీదే. సరే అంది.

కొత్త టెర్మినల్ నిజంగానే బాగుంది. పైకప్పు ఎంత ఎత్తంటే, అక్కడ మాట్లాడితే మాట పైకి పోయి తిరిగి రావడం మర్చిపోతుంది. కుర్చీల మధ్య అడ్డాలు లేవు. ఆయన అద్దం గోడకి ముక్కు ఆనించి నిలబడ్డాడు, మిఠాయి కొట్టు ముందు పిల్లాడిలా. పదకొండున్నరకి ఎక్కవలసిన జెట్ ఎదురుగానే మెరుస్తూ ఉంది. పదకొండుకి దాని కాళ్ళ దగ్గర నలుగురు మనుషులు చేరారు. పదకొండుంపావుకి బోర్డు మీద ఆ విమానం పక్కన 'ఆలస్యం' అని పడింది.

"నువ్విక్కడే సామాను దగ్గర కూర్చో, కనుక్కునొస్తా," అని ఆయన కౌంటరుకి వెళ్ళాడు. ఆవిడ అక్కకి ఫోను చేసి, కాస్త ఆలస్యమయ్యేట్టుందని చెప్పింది. కౌంటరులో ఉన్న అమ్మాయి ఆయనకేదో చూపిస్తోంది, ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. దూరం నుంచి ఆవిడకి కనిపించింది అంతే. కాసేపటికి రెండు కాఫీలతో తిరిగొచ్చాడు.

"టైరు మార్చాలట. వేరే దారేమీ లేదుట. ఇదే ఎక్కాలి."

"ఎంతసేపట?"

"ఎంతసేపు, గంట. కొత్త విమానం కదా, జాగ్రత్తగా చూస్తారు. అదే మిక్సీ అయితే ఒక తన్ను తన్ని ఎగరేసేవాళ్ళు."

గంట రెండయింది, రెండు మూడయింది. ఆయన టెర్మినల్ ఈ చివర్నుంచి ఆ చివరికి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. మరుగుదొడ్లు చూసొచ్చి బాగున్నాయన్నాడు. ఆవిడ అడ్డాల్లేని కుర్చీలో నిటారుగా కూర్చుంది. రెండుంపావుకి అక్క ఫోను చేసింది.

"నాకు పచ్చ గౌను తొడిగారే. రామచిలకలా ఉన్నాను. ఎక్కావా?"

"ఇంకా లేదక్కా. పిలుస్తున్నారు, పిలుస్తున్నారు అంటున్నారు. ఆ మాటేదో ఇప్పుడే చెప్పెయ్యవే."

అవతల ఎవరో ఫోను ఇచ్చెయ్యమంటున్నారు. అక్క ఊపిరి తీసుకోవడం వినిపించింది.

"ఈ గోలలో ఏం చెప్పనే. గేటు మారిందేమో చూసుకో. చివర్లో మారుస్తుంటారు. బోర్డు నమ్మకు, మనిషిని అడుగు."

ఫోను పెట్టేశారు. గేటు మారలేదు.

ఆవిడ ఆసుపత్రి మెట్లెక్కేసరికి నాలుగున్నర. మర్నాడు అక్క కళ్ళు తెరిచి, కాగితం ఇమ్మని సైగ చేసింది. ఏమిటే ఆ మాట అని ఆవిడ అడిగింది. అక్క చాలాసేపు కలం పట్టుకుని, 'రాసేది కాదు' అని రాసింది. చెల్లెలి మొహం చూసి కింద ఇంకో ముక్క చేర్చింది: 'అంత పెద్ద విషయమేం కాదులే.'

ఆ రెండో ముక్కే ఆవిడకి మింగుడు పడలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు ఆయన ఆ ప్రయాణాన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. టైరు, భద్రత, ఎవరి చేతుల్లో ఉంది, వేరే దారి లేకపోయె. ఆవిడ కాఫీ గ్లాసులు అందిస్తూ అవునని తల ఊపేది. నిజంగానే అవుననుకుంది. తన తలరాతని తిట్టుకుంది, కొన్నాళ్ళు ఆ టైరుని కూడా తిట్టుకుంది.

ఒక పూట అలమర సర్దుతుంటే నల్ల అట్ట పుస్తకం చేతికొచ్చింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ దాన్ని తెరిచి చూడలేదు, ఆయన నోట వినేదే ఎక్కువై. ఆ రోజు ఎన్నింటికి దిగామో చూద్దామని తెరిచింది. గుండ్రటి, పైపుల నక్షాల్లాంటి చేతిరాత.

'టెర్మినల్: పదికి తొమ్మిది. వెలుతురు బాగు. కుర్చీలు బాగు. మరుగుదొడ్లు శుభ్రం. కాఫీకి ఒక మార్కు తగ్గింపు. మా జెట్‌కి టైరు మార్పు. పదకొండూ యాభైకి అదే ఊరికి వెళ్ళే ప్రొపెల్లర్‌లో రెండు సీట్లు ఇస్తామన్నారు. వద్దన్నాను.'

ఆవిడ మళ్ళీ చదవలేదు. పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి, వెళ్ళి కూర తాలింపు వేసింది. ఉప్పు సరిగ్గా పడింది. ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆవిడ పెళ్ళయ్యాక మొదటిసారి తన చేత్తో రెండు విమానం టిక్కెట్లు కొంది.

"ఇదేమిటి, మిక్సీ బుక్ చేశావు?" అన్నాడాయన, కాగితం చేతిలో పెట్టగానే.

"అక్కని చూడ్డానికి. వస్తే రండి. లేకపోతే భూమ్మీదే ఉండండి."

వచ్చాడు. ప్రొపెల్లర్ పక్క సీటులో ముడుచుకుని కూర్చుని, "ఈ చప్పుడు చూశావా," అన్నాడు.

"హాయిగా ఉంది. ఎవరి మాటా వినక్కర్లేదు."

విమానం చెప్పిన టైముకి పది నిమిషాలు ముందే దిగింది. ఆయన పుస్తకం తీసి, ఏమీ రాయకుండా మళ్ళీ సంచిలో పెట్టుకోవడం ఆవిడ చూసింది.

అక్క ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. మెడకి పల్చటి గుడ్డ, ఒళ్ళో చిన్న తెల్లబోర్డు, చేతిలో నల్ల పెన్ను. అక్క కూతురు అందరికీ టీలిచ్చి పనికి వెళ్ళిపోయింది. నిశ్శబ్దం ఆయనకి పడదు.

"మీ ఊరి టెర్మినల్ అలా వదిలేశారేంటి వదినగారూ," అని మొదలుపెట్టాడు. "సామాను బెల్టు ఒకటే, అదీ కీచుమంటోంది. రంగు వేసి పదేళ్ళయ్యుంటుంది."

అక్క నవ్వి, బోర్డు మీద రాసి తిప్పింది: 'మార్కులెన్ని మరిదిగారూ?'

"నాలుగు. జాలి పడితే నాలుగున్నర."

"పెద్ద ఊరి టెర్మినల్‌కి మీరు వేసినవి ఇంకా ఎక్కువేగా," అంది ఆవిడ, టీ గ్లాసు కింద పెడుతూ. "ఆ రోజుది. అక్కకి చదివి వినిపించండి. పుస్తకం తెచ్చారుగా."

"అదిప్పుడెందుకోయ్."

"అక్క ఎప్పుడూ ఒకళ్ళకి చెప్పడమే గానీ, తనకెవరూ ఏదీ చదివి వినిపించలేదు. చదవండి."

అక్క 'చదవండి' అన్నట్టు పెన్నుతో సైగ చేసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. పేజీ వెతుక్కోనక్కర్లేకపోయింది. అక్కడ ఆవిడ ఒక రసీదు ముక్క పెట్టి ఉంచింది. దాన్ని చూసి ఆయన ఒక్క క్షణం ఆగాడు.

"టెర్మినల్, పదికి తొమ్మిది. వెలుతురు బాగు. కుర్చీలు బాగు. మరుగుదొడ్లు శుభ్రం. కాఫీకి ఒక మార్కు తగ్గింపు. మా జెట్‌కి టైరు మార్పు." గొంతు సవరించుకున్నాడు. "రెండూ నలభై అయిదుకి బయల్దేరింది."

"మధ్యలో రెండు లైన్లు వదిలేశారు."

"పెద్దగా ఏం లేదు."

"పెద్దగా ఏం లేకపోతే చదవడానికేం?"

ఆయన చదివాడు. ఆ గొంతు ఆవిడకి కొత్తగా అనిపించింది, తడి గుడ్డ పిండినట్టుంది. ప్రొపెల్లర్‌లో రెండు సీట్లు ఇస్తామన్నారు. వద్దన్నాను. అక్క ఒళ్ళో బోర్డు కదల్లేదు.

"వినిపించలేదు," అంది ఆవిడ. "ఆ చివరి మాట."

"వద్దన్నాను." పుస్తకం మూశాడు. "అది కూడా ఆలస్యమయ్యుండొచ్చుగా. వాళ్ళ రికార్డు చూస్తే మూడింట్లో ఒకటి ఆలస్యమే. గాలి బాగాలేక వెనక్కి తిప్పేసినా తిప్పేద్దురు. ఇక్కడికి ఏ అయిదింటికో..."

"అయిందా?"

"ఏది?"

"ఆ రోజు. ఆలస్యం అయిందా? మన ఇంటి మీద నుంచి పోయే ప్రతి విమానం ఎక్కడ ఎన్నింటికి దిగిందో చూసే మనిషి మీరు. దీన్ని చూడకుండా ఉండలేరు. అయిందా, లేదా?"

ఆయన అక్క వైపు చూశాడు. అక్క పెన్ను మూత పెట్టేసి, చేతులు బోర్డు మీద పెట్టుకుని, ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చెబుతాడా అని చూస్తోంది. ఆ చూపుకి బదులుగా చెప్పడానికి ఆయన దగ్గర కంపెనీలు, వయసులు, రెక్కల పొడవులు ఏవీ మిగల్లేదు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. కిటికీలోంచి ఎక్కడో దూరంగా విమానం చప్పుడు వచ్చింది. తల ఎత్తలేదు.

"కాలేదు," అన్నాడు. "ఆ సాయంత్రమే చూశాను, ఆసుపత్రి వరండాలో. ఒంటిగంటా అయిదుకి దిగింది. అయిదు నిమిషాలు ముందే."

ఒంటిగంటా అయిదు, ఆసుపత్రికి అరగంట దారి. మూడింటి వరకూ ఎంత టైముందో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"ఇది అక్కడ కుర్చీలో కూర్చుని ఉంది వదినగారూ. దీన్ని ఒక్క మాట అడిగుంటే పరిగెత్తేది. అడిగితే పరిగెత్తుతుందని తెలిసే అడగలేదు. ఆ కొత్తది ఎక్కాలని..." ఆయన ఆగి, ఈసారి పెళ్ళాం వైపు తిరిగాడు. "వేరే దారి లేదని అబద్ధం చెప్పాను. దారి ఉంది. తప్పు టైరుది కాదు. నాది."