ఎక్కడికీ పోని నిచ్చెన

బావగారు ఎడమ చేతిని గోడలా అడ్డం పెట్టుకుని గీస్తున్నాడు. స్కేలు అంచున పెన్ను నడుస్తోంది. బల్ల మీద ఉన్నది అంతరిక్ష నౌక, పొడుగునా నిలువుగా కోసినట్టు: ఇంజను గది, కెప్టెను గది, పడుకునే అరలు, వంటగది. టీవీ సీరియల్లో వచ్చే నౌక అది. ఆ సీరియల్ అభిమానుల కోసం ఈ కంపెనీ ఏటా ఒక బొమ్మల గైడు వేస్తుంది. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఏ గొట్టంలో ఏం పారుతుందో అందులో ఉండాలి. తల నల్లగా ఉన్నప్పటినుంచీ ఆ గీతలు ఆయనవే.

రంగులు వేసేది మరదలు. భార్యకి చెల్లెలు. ఈ పని ఇప్పించింది ఆయనే. ఎదురెదురు బల్లలు. ఆమె "బావా" అని పిలవడం విని ఆఫీసంతా ఆయన్ని బావగారిని చేసేసింది. సీరియల్ తీసే స్టూడియో వాళ్ళు కూడా ఫోన్ చేస్తే "బావగారున్నారా" అనే అడుగుతారు.

ఆయన పెన్నులు ఇంటికి పట్టుకుపోతాడు. సొరుగుకి తాళం వేసి, లాగి చూసి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తాడు. చిత్తుకాగితాలు బుట్టలో వెయ్యడు. చింపి జేబులో వేసుకుంటాడు. బావ తన నీడని కూడా ముందు నడవమంటాడు, వెనకుంటే ఏం చేస్తుందో అని, అంటుంది మరదలు. అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు, ఎవరు ఎక్కువ నవ్వుతున్నారో చూసుకుంటూ.

ప్రతి బొమ్మలోనూ ఆయన ఒక దొంగగుర్తు పెడతాడు. నౌకలో లేనిదాన్ని ఉన్నట్టు గీస్తాడు. ఎవరైనా బొమ్మని కాజేస్తే అదీ వెంట పోయి వాణ్ణి పట్టిస్తుంది. అదేమిటో ఎవరికీ చెప్పడు. ఈసారి పెట్టింది నిచ్చెన. ఇంజను గది వెనక మొదలై, పైకి పోయి, గోడకి తగిలి ఆగిపోతుంది.

నిన్న వేరే కంపెనీ గైడు బజారులోకి వచ్చింది. కొట్టు దగ్గర నిలబడే తిరగేశాడు. ఇంజను గది వెనక నిచ్చెన. గోడ దగ్గర ఆగింది.

తన బొమ్మ ఇంకా అచ్చుకే పోలేదు. అది చేరిన చోట్లు మూడు. ఒకటి తన బల్ల. రెండోది స్టూడియో, చూసి అనుమతి ఇవ్వడానికి. నౌక వాళ్ళదే. ఎవరింటికి వాళ్ళే కన్నం వేసుకుంటారా? ఇక మిగిలింది ఎదుటి బల్ల.

రాత్రి పడుకుని ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాడు. మరదలు ఈమధ్య కొత్త చెప్పులు కొంది. పోయిన నెల కిటికీ దగ్గర ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ, తను రాగానే నవ్వి పెట్టేసింది.

పొద్దున్నే ఎడిటర్ గదిలోకి వెళ్ళి, తలుపు వేసి చెప్పాడు. గుర్తేమిటని ఎడిటర్ అడిగితే మాత్రం చెప్పలేదు. ఉందంటే ఉంది, అన్నాడు. ఒకప్పుడు ఇలాగే ఒక దొంగని పట్టించిన మనిషి కాబట్టి ఎడిటర్ నమ్మాడు. మీ ఇంటి మనిషే కదా, అన్నాడు. అందుకే చెప్తున్నా, అన్నాడు బావగారు.

భోజనాలయ్యాక ఆమెకి పిలుపొచ్చింది. గది తలుపు మూసుకుంది. బావగారు నౌక అడుగుభాగం గీస్తూనే ఉన్నాడు. ఒక్క గీతా వంకరపోలేదు. ఆమె బయటికొచ్చి తన కుర్చీలో కూర్చుంది. రేపటినుంచి రావద్దన్నారని, వాతావరణం చెప్పినట్టు చెప్పింది.

"ఏదో గుర్తు పెట్టావటగా. ఏంటి బావా అది?"

"పెట్టినవాడికి తెలుసు. తీసినవాడికీ తెలుసు."

"నాకు తెలీదే."

"అయితే భయమెందుకు?"

ఆమె బల్లకి అడ్డంగా ఉన్న ఆయన చేతినే చూసింది. "ఒక్కసారి చూపించు. చూస్తే ఏదో ఒకటి చెప్పుకుంటాను కదా."

ఆయన చెయ్యి తియ్యలేదు.

"సరే. అక్కకి నేనే చెప్తాలే," అంది. "నువ్వు చెప్తే నిజమనుకుంటుంది."

తర్వాత ఆయన తలెత్తేసరికి ఎదుటి కుర్చీ ఖాళీ.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య టీవీ ముందు కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. చెల్లి ఫోన్ చేసిందని చెప్పింది. అన్నయ్య ఊరికి రైలెక్కిందట, అక్కడ బోర్డులు రాసే పనేదో ఉందట, ఇక ఇటు రాదట. ఎందుకని అడిగితే బావనడుగు అందట. ఎవర్ని నమ్మి ఏం లాభం అంటూ ఆయన మొహం తుడుచుకున్నాడు. భార్య టీవీ సౌండు పెంచింది.

ఆ సీరియల్ ఆయన చూడడు. స్టూడియో పంపే ఫొటోలు చాలు. వండేవాడికి ఆకలుండదని అంటుంటాడు. పోయిన నెల వచ్చిన భాగమే మళ్ళీ వేస్తున్నారు. కెప్టెను ఇంజను గది వెనక్కి పరిగెత్తాడు. నిచ్చెన ఎక్కాడు. గోడకి తగిలి ఆగాడు.

తువ్వాలు మొహం మీదే ఆగిపోయింది. మొదట నోటికొచ్చిన మాట, దొంగలు.

"దొంగలేంటి?" అంది భార్య. "మీరు గీసింది నచ్చి, స్టూడియో వాళ్ళు సెట్టులో కట్టారట కదా. పోయిన నెల చెల్లి పనిలోంచే ఫోన్ చేసి మరీ చెప్పింది, బావ నిచ్చెన టీవీలో ఎక్కారక్కా అని. ఎంత మురిసిపోయిందో. మీకు చెప్పొద్దంది. చెప్తే వాళ్ళ మీదకి పోట్లాటకి పోతారట. పుస్తకం వచ్చాక చెబుదామంది."

ఆయన టీవీకి దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు.

"అది ఎక్కడికి పోతుందోనని అందరూ ఒకటే గోల," అంది భార్య. "ఇంతకీ ఎక్కడికి పోతుంది?"

టీవీ ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన నిచ్చెన అది. వేరే కంపెనీ వాడు టీవీలో చూసే గీశాడు. బావగారు మరదలికి ఫోన్ చేశాడు. ఆఖరిదాకా మోగి ఆగింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

ఆఫీసుకి తిరిగి వెళ్ళాడు. ఎడిటర్ మెట్ల మీద హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. బావగారు ఈసారి గుర్తేమిటో చెప్పాడు. ఎడిటర్ హెల్మెట్ తీసేశాడు.

"ఇది పొద్దున్నే చెప్పాల్సింది బావగారూ. మా ఇంట్లో అందరం చూస్తాం ఆ సీరియల్. నేనే చెప్పేవాణ్ణి." రేపు తనే ఫోన్ చేసి రమ్మంటానన్నాడు. "వస్తుందంటారా?"

బావగారు పైకి వెళ్ళి లైటు వేశాడు. ఎదుటి కుర్చీ వీపుకి తన పాత చొక్కా ఒకటి వేలాడుతోంది. బట్టల మీద రంగులు పడకుండా మరదలు పైన తొడుక్కునేది. దాని చేతులు రెండూ మోచేతుల దాకా మడిచే ఉన్నాయి.