వ్రతం రోజు పరుగు

నిన్న ప్రసాదానికి రవ్వ వేయించి డబ్బాకెత్తాను. పీటలు కడిగాను. పట్టుచీర ఇస్త్రీ చేసి మంచం మీద పరిచాను. అప్పుడుగానీ క్రైస్ట్‌చర్చ్‌లో మా ఇంటి గడప దాటి ఈ మంచుకొండల పరుగుపందేనికి రాలేకపోయాను.

అరవై కిలోమీటర్లు. మైనస్ పన్నెండు. నీళ్ళసీసా మూత గడ్డకట్టి తిరగనంటోంది, కనురెప్పలు అంటుకుంటున్నాయి. హాస్పిటల్ డ్యూటీ దిగి వంట మొదలెట్టేలోపు దొరికిన కాస్త టైములో, ఏడాదిపాటు కొండలెక్కి నేర్చుకున్న పరుగిది. ఈ తేదీ ఆర్నెల్లుగా మా ఫ్రిజ్ మీదే ఉంది. అయినా మా ఆయన రవిచంద్ర సత్యనారాయణ వ్రతం ఇవాళే పెట్టాడు. "పౌర్ణమీ ఆదివారమూ కలిసొచ్చాయి. మళ్ళీ అమ్మ ఇండియా వెళ్ళిపోతుంది. సగందాకా పరిగెత్తి వ్యాన్‌లో వచ్చెయ్యి నవీనా, ఫొటోలకి సగం చాలుగా! సాయంత్రం నా పక్కనుంటే చాలు, నువ్వేం చెయ్యక్కర్లేదు." అత్తగారు మరీ మెత్తగా అన్నారు, "కొంగుముడి పడందే వ్రతం మొదలవదమ్మా. వాడొక్కడూ పీట మీద కూర్చుంటే చూసేవాళ్ళేమనుకుంటారు?" సరేనన్నాను. ఎప్పుడు అనలేదు గనక!

మంచులో తప్పిపోతే వెతకడానికి ఫోన్ ఆన్‌లో ఉంచాలని పందెం రూలు. మా ఇంట్లోవాళ్ళు దాన్ని జీడిపప్పు వెతకడానికి వాడుకున్నారు. తర్వాత కర్పూరం. తర్వాత పిల్లాడి పంచె. గ్లవ్ తీసిన ప్రతిసారీ వేళ్ళు మండిపోయాయి. చుట్టూ మనిషి జాడ లేదు, అంత ఖాళీలోనూ నాకు ఊపిరాడలేదు. మా వంటిల్లు నాతోపాటే కొండెక్కింది.

సగం దూరంలో, రోడ్డు తగిలేచోట, చెక్కగదిలో ఒక న్యూజిలాండ్ ఆవిడ వేడి సూప్ చేతికిచ్చింది. నా వేళ్ళూ పెదాలూ పరీక్షగా చూసి, "బాగానే ఉన్నావు. కిందికి వెళ్ళే వ్యాన్ ఇదొక్కటే. వెళ్తావా, పరిగెడతావా?" అని అడిగింది.

నన్ను ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్ళయిందో! ఏడుపొచ్చేసింది. వ్యాన్ తలుపు తీసే ఉంది, లోపల హీటర్ వేసి ఉంది. ఎక్కితే వ్రతం వేళకి పీట మీదుంటాను.

ఫోన్ మోగింది, మా ఆయన.

"వ్యాన్ ఎక్కావా?"

"లేదండీ. పరుగు పూర్తిచేసి వస్తాను."

"జోకులా? ఇంటినిండా జనం వస్తున్నారు. కొంగుముడి ఎవరితో వెయ్యమంటావు?"

షూ లేసు బిగించుకున్నాను.

"పక్కనుంటే చాలన్నారుగా. చీర మంచం మీదే ఉంది, దాని కొంగుకి ముడేసుకోండి."