చెప్పులు విడిచిన కాలు

కారు బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చాను. అప్పటి నుంచి చిట్యాల రోడ్డు మీద ఒకటే కటకట చప్పుడు. రెండుసార్లు చక్రాలు ఊడదీసినా అంతుపట్టలేదు.

ముప్పై ఏళ్ల ట్రాక్టర్ మోతకు చెవులు పోయిన నాయిన పక్క సీట్లో ఎక్కాడు. "నీకేం వినవడ్తది నాయినా?" అని విసుక్కున్నాను. ఆయన ఎప్పటిలాగే చెప్పులు విడిచి కూర్చున్నాడు. అది బండి మీద భక్తి అనుకునేవాణ్ణి.

కొంత దూరం పోయాక, "బ్రేకు జర తొక్కిపట్టు," అన్నాడు. కటకట ఆగింది. "ఇప్పుడు వదులు." మళ్లీ మొదలైంది.

"ఎడమ దిక్కు ప్యాడు కదులుతున్నది. దాన్ని పట్టే క్లిప్పు పెట్టలే నువ్వు."

నిజమే, అది ప్యాడ్లు వచ్చిన అట్టపెట్టెలోనే ఉండిపోయింది.

"ఎట్ల తెలిసింది?" అని చెవిలో అరిచాను.

అరికాలు చూపించాడు. "నీ మాటలు గూడ గిట్లనే తెలిస్తే మంచిగుంటుండె, కొడుకా."