తువ్వాలు కింద చెయ్యి

బెర్తెలో అనే తోటదొర ఓడెక్కాడు. ఆయన కుడిచెయ్యి మాత్రం నా తువ్వాలు కింద ఉండిపోయింది.

ఇందులో వింతేమీ లేదు. బేరం ఇంకా కుదరలేదు. నేను యానాం నుంచి నీలిగుడ్డ తెచ్చి ఈ చక్కెర దీవిలో అమ్ముతాను. మనుషుల్ని అమ్మే బేరాలకు దళారీగానూ కూర్చుంటాను. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు పెడతారు. ఒకరి ధరను ఇంకొకరికి నా వేళ్లతో చేరవేస్తాను. బేరం నడుస్తుండగా సరుకు కదలకూడదు.

అందుకే ఓడ కదలడం లేదు. తెరచాపల నిండా గాలి ఉంది. బానిసలు యుద్ధం గెలిచారు, ఫ్రెంచి జెండా దిగింది, దొరలంతా ఓడ మీద నిలబడి చెమట తుడుచుకుంటున్నారు.

జబెత్ వచ్చి నా ఎదుట కూర్చుంటుంది. బెర్తెలో దొర తోటలో చెరకు నరికిన మనిషి. దొర ఈ ఉదయం అమ్మకానికి పెట్టింది ఆమె కూతురు రోజెత్‌నే. కొనేవాడు దొరకలేదు. పిల్ల ఇప్పుడు ఓడ అడుగున ఉంది.

జబెత్ తువ్వాలు కిందికి చెయ్యి దూరుస్తుంది. దొర చెయ్యి అయిదు వేళ్లు చూపుతుంది. ఆమె పిడికిలి బిగిస్తుంది.

“పిడికిలి ధర కాదమ్మా,” అంటాను.

“మరేంటి షావుకారూ?”

“ఏమీ లేదని.”

“అదే ఇస్తానంటున్నా.”

మధ్యాహ్నానికి దొర చెయ్యి ఒక్క వేలికి దిగుతుంది.

“ఆ ఒక్కటీ మడవనీ. పిల్ల నీదైపోతుంది,” అంటాను.

“ఊరికే వచ్చినా కొనడం కొనడమే. నా పిల్లని నేను కొననయ్యా. గుడ్డ ఎత్తెయ్.”

గుడ్డ ఎత్తితే దాని కింద జరిగిన బేరాలన్నీ రద్దు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు.

“ఎత్తిన దళారికి మళ్లీ ఎవడూ బేరానికి చెయ్యివ్వడు తల్లీ.”

ఆమె గడ్డంతో ఓడ వైపు చూపుతుంది. “ఇచ్చేవాళ్లందరూ అక్కడున్నారు. నువ్వింకా కొట్టు తెరుచుకుని కూర్చున్నావ్!”

మాట నిజమే. ఎత్తేస్తాను. కింద దొర చెయ్యి లేదు.

ఓడ కదులుతుంది. రోజెత్ దిగి, నీళ్ల మీద నడిచి వస్తుంది. చీలమండల దాకే తడిసింది. ముందు నా దగ్గర ఆగి, చేతులు తిప్పి చూసి, చిటికెన వేలు పట్టుకుంటుంది.

“ఆరేళ్ల కిందట నన్ను అమ్మినప్పుడు నా ధరగా చూపింది ఇదే,” అని తుంచుకుని తల్లి దగ్గరికి పోతుంది. నొప్పి లేదు.

పిల్ల వెనక సముద్రంలోంచి ఇంకొకడు వస్తాడు, వాడి వెనక ఇద్దరు. ఈ తువ్వాలు కింద అమ్ముడైన ప్రతి మనిషీ తన వేలు తాను తీసుకుంటున్నాడు. నా పది వేళ్లూ అయిపోయాయి. వరస నీళ్ల అంచు దాటి కనపడనంత దూరం ఉంది.

“కొంచెం ఆగు,” అని ముందున్న ముసలాయనకు అరచెయ్యి చాపుతాను. పసిబిడ్డ గోరుతో కొత్త వేలు మొలుస్తోంది. ఆయన అది ఎదిగేదాకా నిలబడతాడు.