పొలి దాటిన ఆడబిడ్డ

నా భార్య మణెమ్మను చంపింది ఆమె తాత పుట్టిన ఊరు. దారి చూపింది మా కూతురు సంధ్య. దవాఖానలో వడదెబ్బ అని రాశారు. రాసుకోనీ.

ఆ ఊరి పేరు చెప్పను. టేకుమట్ల దాటాక ఒక వాగు పక్కన ఉంటుంది. అంత తెలిస్తే చాలు.

మణెమ్మ పుట్టింది డోర్నకల్‌లో. ఆమె తాత ఏశబోయిన కొంరయ్య నిజాం కాలంలో చంకలో కొడుకును ఎత్తుకుని ఆ స్టేషన్‌లో దిగాడట. పట్టాల మీద గ్యాంగు పనిలో చేరాడు. ఏ ఊరు నీదని ఎవరడిగినా లేచి అవతలికి పోయేవాడు. కొడుక్కి కూడా చెప్పకుండానే పోయాడు. ఆ కొడుకే మణెమ్మ తండ్రి. అతనిదీ రైల్వే పనే. అతను పోయాక క్వార్టరు రైల్వేవాళ్లు తీసుకున్నారు. మణెమ్మకు అన్నదమ్ములు లేరు. అంటే తల్లిగారిల్లు అన్నదే లేదు.

మాది పాలకుర్తి పక్కన. మా వైపు బొడ్రాయి పండుగ చేస్తే, అంటే ఊరి నడుమ పాతిన రాయికి మొక్కు చెల్లిస్తే, ఆ ఊళ్లో పుట్టిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. పళ్లూడిన ముసలమ్మలు కూడా వస్తారు. తల్లిగారు వాళ్ల ఒడిలో బియ్యం పోస్తారు. మా ఊరి పండుగకు మా చెల్లెళ్లు వచ్చారు. మణెమ్మ వంటింట్లోకీ బయటికీ తిరుగుతూ వడ్డించింది.

"నీకేంది వదినె, నువ్వు రైలు డబ్బల పుట్టినవ్" అంది మా చిన్న చెల్లె భాగ్యమ్మ. "నీ బొడ్రాయి ఏ ప్లాట్‌ఫారం మీదున్నదో!"

అందరూ నవ్వారు. మణెమ్మ కూడా నవ్వింది. అందరూ పోయాక సంధ్యను పిలిచి అడిగింది.

"బిడ్డా, మా తాత ఊరు ఏదో దొరుకుతదా?"

"ఆయన చెప్పలేదంటే చెప్పేటిది కాదు. ఇడిసిపెట్టు" అన్నాను నేను.

"నీకు ఊరున్నది. నీకేమెరుక?" అంది.

సంధ్య మానుకోటలో ఉద్యోగం చేస్తుంది. పట్టుకుంటే వదలదు. డోర్నకల్ వెళ్లి ముసలివాళ్లను అడిగింది. ఎవరికీ తెలియలేదు. చివరికి మా కులానికి వంశం చదివే పిచ్చకుంట్లాయన ఒకడు దొరికాడు. ఏ ఇంటిపేరు ఏ ఊరి నుంచి కదిలిందో వాళ్లు తరతరాలుగా నోటికి చెబుతారు. ఆయన వచ్చి మా అరుగు మీద కూర్చుని ఏశబోయిన వారి వంశం ఎత్తుకున్నాడు. తాత ముత్తాతల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. కొంరయ్య తండ్రి పేరు వచ్చింది. అక్కడ ఆపాడు.

"ఆగినవేంది తాతా?" అంది మణెమ్మ.

"గీడికే ఉన్నదమ్మా."

"కొంరయ్య ఏడి?"

"ఆ ఇల్లు గీడ తెగిందని మా నాయిన చెప్పిండు. తెగిందంటె తెగినట్టే చదువుతం."

"తెగితె నేనెట్ల వచ్చిన? మొగులు మీద నుంచి పడ్డనా?"

ఆయన నవ్వలేదు. అడిగితే ఊరి పేరు చెప్పాడు. మణెమ్మ చాటలో బియ్యం తెచ్చేసరికి సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర ఉన్నాడు. వంశం చదివినవాడు బియ్యం తీసుకోకుండా పోవడం నేనెన్నడూ చూడలేదు. ఆ మాటే సంధ్యతో అన్నాను.

"ముసలోడు మర్చిపోయిండు బాపూ" అంది.

ఆ ఊరి పెద్దమనిషి బుచ్చిరాములు. సంధ్య ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఏశబోయినోళ్లా! మా ఊరి ఆడబిడ్డనా!" అని అరిచాడు. ఆ తర్వాత పక్కన ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టు వినిపించింది. "ఆ ఇంట్ల మొగోళ్లెవరన్న ఉన్నరా బిడ్డా?"

"లేరు. అమ్మ ఒక్కతే."

"మంచిగ నడుస్తదా? మోకాళ్లు గిట్ల నొస్తయా?"

"గట్టిగనే ఉన్నది."

"అయితె తోలుకరా. ఎండాకాలంల బొడ్రాయి పండుగ వెట్టుకున్నం."

చుట్టాలైతే తిన్నావా అని అడుగుతారు, మోకాళ్లు అడగరు అన్నాను. తల్లీ కూతుళ్లు నవ్వారు.

"ఇన్నేండ్లకు నా మోకాళ్లను ఒకలన్న అడిగిండ్రు" అంది మణెమ్మ. "నువ్వెన్నడన్న అడిగినవా?"

కారు మాట్లాడుకుని పోయాం. ఎండలు మండుతున్నాయి. ప్రతి గడపకూ వేపమండలు కట్టి ఉన్నాయి. పొలిమేర దగ్గరే డప్పులతో ఎదురొచ్చి మణెమ్మ కాళ్లు కడిగారు. బుచ్చిరాములు తన ఇంటికి తీసుకుపోయి కొత్త చీర పెట్టించాడు. ఆయన భార్య ఒడిబియ్యం పోసింది. మా పెళ్లినాడు కూడా ఏడవని మనిషి ఆ బియ్యం కొంగులో పట్టుకుని ఏడ్చింది. ఆ ముఖం అట్లా వెలగడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ మాట ఒప్పుకుంటాను.

కానీ మిగతా ఆడబిడ్డలు పొద్దున్నే తిన్నారు. మణెమ్మకు మాత్రం తరువాత పెడతామన్నారు. ఆమె కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు.

బుచ్చిరాములు తల్లి బాలనర్సమ్మకు చూపు లేదు. మణెమ్మను దగ్గరికి పిలిచి, నడినెత్తి మీద అరచెయ్యి పెట్టి బరువు చూసినట్టు అదిమింది.

"తాత తలనే" అంది. "గట్టిది."

మణెమ్మ మురిసిపోయి సంధ్యతో కలిసి బొడ్రాయి దగ్గరికి పోయింది. నేను ముసలమ్మ దగ్గరే ఉన్నాను.

"ఆయనను నువ్వు చూసినవా అవ్వా?"

"చూడలె. మా అత్త చెప్పేది. గత్తరొచ్చిన ఏడు పీనుగుల మీద పీనుగులు లేచినయంట. ఊరి రోగమంత కుండలెకు పిలిచి కొంరయ్య నెత్తిన వెట్టిండ్రు. పొలిమేర దాటిచ్చిండు. దాటినోడు మల్ల ఊర్ల అడుగు వెట్టొద్దు. పెట్టలె. మాట మీద నిలవడ్డడు."

"మరి ఆయన మనుమరాలు పెట్టింది గదా?"

"పిలిస్తె పెట్టింది. గీ నాలుగేండ్ల సంది పోరగాండ్లు సస్తున్రు కొడుకా. బండ్ల మీద, బాయిలల్ల, ఉరిలల్ల. కుండ మల్ల లేవాలె. లేపాల్నంటె ఆ ఇంటోళ్లే లేపాలె. ఇంకొకలు లేపితె పోదు."

నేను లేచి ఉరికాను. మణెమ్మ చెయ్యి పట్టుకున్నాను. "నడువు, పోదాం" అన్నాను. అప్పటికే కుండ సంగతి ఆమెకు చెప్పేశారు. పొలి కూడా మొదలైంది. బలిచ్చిన రక్తంతో కలిపిన అన్నం ఊరి చుట్టూ చల్లుకుంటూ పోతారు. అది ముగిసేదాకా ఎవరూ ఊరు దాటకూడదు. ఊళ్లోకి రాకూడదు. మా కారుకు అడ్డంగా రెండు ట్రాక్టర్లు నిలబెట్టారు.

బుచ్చిరాములు నాకు చేతులు జోడించాడు. "బలిమి ఏం లేదు బావా. ఆడబిడ్డ ఇష్టం. ఊరు అడుగుతున్నది, అంతే."

మణెమ్మ చుట్టూ చూసింది. వందమంది ఆమెనే చూస్తున్నారు.

"ఇంతమందిల నన్నే అడుగుతున్రు" అంది.

"నిన్ను కాదు, నీ నెత్తిని అడుగుతున్రు."

"అయితేంది? తాత మోసిండట. నేను మోస్తె ఈ ఊరిదాన్నే గదా?"

"ఎవలడుగుతరిగ? దాటినంక రానియ్యరు నిన్ను."

"రానియ్యకుంటె పాలకుర్తి లేదా? నువ్వు లేవా?"

సంధ్య మధ్యలోకి వచ్చింది. "బాపూ, కుండనే గదా. గా వాగుదాకనే. ఒక్కసారన్న అమ్మను ఆమె ఇష్టమున్నట్టు చెయ్యనియ్యి."

కూతురు ఆ మాట అనకుండా ఉంటే నేను మణెమ్మను నేలమీద కూలేసైనా ఆపేవాణ్ని. అన్నది. మణెమ్మ కూతురి ముఖం చూసింది, నా ముఖం చూడలేదు.

పొద్దు నడినెత్తిన ఉంది. కడుపులో ఏమీ లేదు. కాళ్లకు చెప్పులు తీయించారు. మూతికి గుడ్డ కట్టిన కుండ నెత్తిన పెట్టారు. వాగు దాటి అవతల ఇసుకలో దించాలి, వెనక్కి చూడకూడదు. మోసేవాళ్లు పోతుంటే ఊరివాళ్లు కూడా చూడకూడదట. చూస్తే పోయేది తిరిగొస్తుందట. పొలి చల్లేవాళ్లు, డప్పులవాళ్లు తప్ప జనమంతా ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకున్నారు. నన్నూ సంధ్యనూ బుచ్చిరాములు ఇంట్లోకి నూకారు. గడియ పెట్టారు. నేను తలుపు గుద్దితే ఇద్దరు నా రెక్కలు పట్టుకున్నారు.

"జర ఓపిక పట్టు బావా. డప్పు ఆగంగనే తీస్తం."

డప్పు దూరం పోయింది. చాలాసేపు మోగింది. ఊరి చుట్టూ పొలి తిరిగి రావాలి కదా. మణెమ్మ వాగుకు ఎప్పుడో చేరి ఉంటుందని నాకు తెలుసు. డప్పు ఆగేదాకా ఆ ఎండలో అమ్మ దగ్గరికి ఎవరూ పోరని సంధ్యకు అప్పుడు తెలిసింది. కిటికీ సందులోంచి చూడబోతే ఆడవాళ్లు ఆమె కళ్లు మూశారు. ఆమె కూడా అరిచింది. ఎవరూ వినలేదు.

తలుపు తీశాక ఉరికాను. వాగులో నీళ్లు లేవు. అవతల ఇసుకలో కుండ నిలబెట్టినట్టే ఉంది. దాని పక్కన మణెమ్మ పడి ఉంది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఒళ్లు పెనంలా కాలుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"ఎనుకకు చూడలె" అంది. గొప్పగా అంది.

నేను ఎత్తుకుని ఇవతలి ఒడ్డుకు తెచ్చాను. భూపాలపల్లి రోడ్డు ఊరి మధ్య నుంచే పోతుంది. పొలిమేర మీద ఊరంతా నిలబడింది. ఎవరి చేతిలోనూ కర్ర లేదు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు.

"ఆమె దాటింది బావా" అన్నాడు బుచ్చిరాములు. "మల్ల రావొద్దు. నీ కాళ్లు మొక్కుత, సుట్టు తిరిగి పో."

నిజంగానే నా కాళ్ల మీద పడ్డాడు. ఆయన వెనక అందరూ పడ్డారు. వాళ్ల మీద నుంచి నడవడానికి కూడా దారి లేదు. కారును బయటికి వదిలారు. వాగు వెంట బండ్ల బాటలో పోతుంటే చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. పక్క ఊరివాళ్లు ట్రాక్టర్ కట్టి లాగారు. అప్పటికి మణెమ్మ నీళ్లు మింగడం మానేసింది. భూపాలపల్లి దవాఖాన చేరేసరికి ఊపిరి లేదు. డాక్టరు నాడి చూసి, జర ముందు తెస్తే బతికేది కదా అన్నాడు.

ఈ ఎండాకాలం సంధ్య ఇంటికి వచ్చింది. బుచ్చిరాములు ఫోన్ చేశాడట. ఆ ఊళ్లో ఈ ఏడు ఒక్క పోరడు కూడా చావలేదట. వాగు ఒడ్డున మణెమ్మ పేరు మీద రాయి నిలబెట్టి బోనం చేస్తున్నారట.

"అమ్మను దేవత చేసిండ్రు బాపూ. నన్ను ఆడబిడ్డ అని పిలిచిండ్రు. పోవాల్నని ఉన్నది."

"మీ అమ్మను ఊర్లెకు రానియ్యలె. నిన్నెందుకు రానిస్తున్రు?"

బస్సు టైమయిందని లేచింది. గేటు దాకా పోయి ఆగింది.

"ఒక్కసారి నువ్వు గూడ రా. అమ్మ గురించి నాలుగు మాటలు మాట్లాడుకుందాం."

నేను తలుపు వేసుకున్నాను. మాట్లాడవలసింది ఇక్కడ చెప్పేశాను. ఇక సంధ్య అడిగినా, నా పాడె మోసేవాళ్లు అడిగినా, దీని గురించి నేను నోరు విప్పను.